అన్నమయ్య బతికిన రోజుల్లో లోకంలో ఇంకెవరెవరు ఉన్నారు? (బడి గోడ కోసం అడుగుతున్నా)

సోషల్ టీచర్, చంద్రగిరి మండలం

అందరికీ నమస్తే. చంద్రగిరి దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా వరండా చివర ఒక గోడ ఖాళీగా ఉంది, పొడవు 25 అడుగులు. సున్నం వేయించి ఇస్తాం, మీకు కావలసింది రాయించుకోండి అన్నారు. కాలరేఖ గీయించాలని నా ఆశ.

ఎందుకంటే, మా పిల్లకాయలు విజయనగరం ఒక పాఠంగా చదువుతారు, మొఘలులు ఇంకో పాఠం, యూరప్ పునరుజ్జీవనం మరో పాఠం. ఒకటి అయిపోయాక ఇంకొకటి మొదలైందనే వాళ్ల మనసులో ఉంటుంది. మొన్న తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, కొలంబస్ ఓడెక్కినప్పుడు మన అన్నమయ్య ఉన్నాడా, పోయాడా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. బోర్డు మీద లెక్క వేసి చూపించాను. 1492 నుంచి 1408 తీసేస్తే 84. ఉన్నాడు, 84 ఏళ్ల పెద్దాయన. అంతే, వెనక బెంచీల వాళ్లు కూడా మొదలుపెట్టారు. మరి అక్బర్? మరి శివాజీ? షేక్‌స్పియర్? బెల్లు కొట్టినా వదల్లేదు.

ఆ ఊపు పోకముందే గోడ పని మొదలుపెట్టాలి. నాకు రెండు విషయాల్లో సాయం కావాలి. మన తిరుపతి, చిత్తూరు మనుషులను పట్టుకుని వాళ్ల కాలంలో బయట ఎవరున్నారో చూపించాలంటే ఎవరెవరిని తీసుకోవచ్చు? రెండోది, ఒకే కాలంలో ఉన్నారు అనగానే ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారనే అనుకుంటారు. అన్నమయ్య కృష్ణదేవరాయల ఆస్థానకవి అని ఒక పేరెంటే నాతో వాదించారు. దీన్ని గోడ మీద ఎలా తేల్చి చెప్పాలి?

పాత కంపోజిటర్, తిరుపతి

మేడమ్ గారికి నమస్కారం. నేను పనిచేసినన్నాళ్లూ తిరుపతి అచ్చాఫీసుల్లో అక్షరాలు కూర్చినవాణ్ణి. సీసం అక్షరాల కాలం. శుభలేఖలు, స్తోత్రాల పుస్తకాలు, ఏటా పంచాంగం, మధ్యమధ్య అన్నమయ్య పాటలు. మీ పోస్టు చూసి ఊరుకోలేకపోయాను, పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రాజుల పాలనలతో మొదలుపెట్టకండి. ఒక మనిషి ఆయుష్షుతో మొదలుపెట్టండి. రాజుల పేర్లు వరసగా రాస్తే పిల్లకాయలు యుద్ధాలు బట్టీ పడతారు. ఒక మనిషి గీత గీసి పెడితే "అప్పటికి ఆయనకు ఎన్నేళ్లు?" అని వాళ్లే అడుగుతారు. మీ క్లాసులో ఆ అమ్మాయి అడిగింది అదే. మన సీమలో దీనికి అన్నమయ్యను మించినవాడు లేడు. 1408లో పుట్టి 1503లో పోయాడు. 95 ఏళ్లు.

మీ గోడ 25 అడుగులంటే 300 అంగుళాలు. ఏడాదికి అంగుళం పెట్టుకోండి. ఎడమ చివర 1408, కుడి చివర 1708. అన్నమయ్య గీత దాదాపు ఎనిమిది అడుగులు వస్తుంది. కృష్ణదేవరాయల పాలన 1509 నుంచి 1529 వరకు, అది 20 అంగుళాలు. ఆ రెండూ పైనా కిందా పడగానే మీ పేరెంటు గారి వాదన తీరిపోతుంది. అన్నమయ్య గీత ఆగిన ఆరు అంగుళాల తర్వాతే రాయల పట్టాభిషేకం. తన మీద పాట కట్టమని అడిగి, కాదంటే పెనుకొండలో సంకెళ్లు వేయించాడని కథలో చెప్పే రాజు సాళువ నరసింహుడు. ఆయన మీ చంద్రగిరివాడే. చంద్రగిరి నుంచి ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు, అప్పటికి అన్నమయ్యకు 77. అయితే ఒకటి, కృష్ణదేవరాయలు 1471లో పుట్టాడనే లెక్క తీసుకుంటే ఇద్దరూ ముప్పై ఏళ్లకు పైగా ఒకే కాలంలో బతికారు. జీవితాలు కలిశాయి, రాజరికం మాత్రం కలవలేదు. అందుకని మనుషుల గీత ఒక రంగు, పాలన గీత ఇంకో రంగు పెట్టండి.

ఇప్పుడు ఆ ఎనిమిది అడుగుల వెంట నడుద్దాం. ఎనిమిదో ఏట ఇల్లు వదిలి కొండెక్కాడని కథ. అంటే 1416. ఆ రోజుల్లోనే చైనా నుంచి జెంగ్ హె అనే నౌకాధిపతి పెద్ద పెద్ద ఓడలతో కాలికట్ రేవుకు వచ్చి పోతున్నాడు. అన్నమయ్యకు 12 వచ్చేసరికి బీజింగ్‌లో చక్రవర్తి నగరు కట్టడం పూర్తయింది. 23వ ఏట, 1431 మేలో, ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్‌ను తగలబెట్టారు, ఆ పిల్లకు 19. 35వ ఏట పర్షియా రాయబారి అబ్దుల్ రజాక్ విజయనగరం చూడ్డానికి వచ్చాడు. మన శ్రీనాథుడు కనకాభిషేకం చేయించుకున్న ప్రౌఢదేవరాయల కొలువే అది. 45వ ఏట కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది.

47వ ఏట దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఇది నా పని కాబట్టి. 1455 ప్రాంతంలో జర్మనీలో మైంజ్ ఊళ్లో గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చు పూర్తి చేశాడు. పేజీకి 42 వరసలు, దాదాపు 180 ప్రతులు. ఒక్కో అక్షరం విడిగా పోతపోసి, స్టిక్ అనే చేతి చట్రంలో పేర్చి, సిరా పూసి, నొక్కి, మళ్లీ విడదీసి వేరే పేజీకి వాడుకోవడం. నేను ఈ చేతులతో చేసిన పనికి మూలపురుషుడు ఆయనే. మా స్టిక్‌లో అక్షరం తలకిందులుగా, అద్దంలో కనిపించినట్టు ఉంటుంది. ప్రూఫులో తప్పు దొరికితే పట్టకారుతో ఆ ఒక్క అక్షరం లాగి ఇంకోటి పెడతాం. అదే కాలంలో ఇక్కడ తాటాకూ గంటమూ. ఆ తర్వాత తాళ్లపాకవారు పాటలను రాగిరేకుల మీద చెక్కించారు, అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యులు దగ్గరుండి జరిపించిన పని అది. రేకుకు రెండు వైపులా చెక్కి, పాట పాటకూ రాగం పేరు వేశారు. రేకు మీద అక్షరం నేరుగా చదువుకోవచ్చు. కానీ తప్పు పడితే తీసేసే వీలు లేదు, ఇంకో ప్రతి కావాలంటే ఇంకో రేకు చెక్కాల్సిందే.

గూటెన్‌బర్గ్ పుస్తకం కాగితం మీద ఊళ్లకు ఊళ్లు తిరిగింది. మన పాటలు కొండ మీద హుండీకి ఎదురుగా సంకీర్తన భాండాగారంలో రాగి మీద పడి ఉన్నాయి, పుస్తకాలుగా అచ్చయ్యింది 20వ శతాబ్దంలో. మన దేశానికి అచ్చుయంత్రమే 1556లో గోవాకు వచ్చింది. రాగి మీద చెక్కబట్టే ఆ పాటలు నిలిచాయి, అది మరిచిపోకూడదు. ఈ ఇద్దరి బొమ్మలూ మీ గోడ మీద ఎదురెదురుగా వేయించండి మేడమ్. ఒకరి చేతిలో సీసపు అక్షరం, ఇంకొకరి పక్కన రాగిరేకు. అది వేయిస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

90వ ఏట, 1498 మేలో, వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1503 ఫిబ్రవరిలో, దుందుభి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అన్నమయ్య పోయాడు. ఆ నెలలో ఫ్లారెన్సులో మైకెలాంజెలో దావీదు విగ్రహం చెక్కుతున్నాడు. కోపర్నికస్ ఇటలీలో చదువుకుంటున్నాడు, సరిగ్గా 30 ఏళ్లు. గురునానక్‌కు 33.

కలిశారా లేదా అన్న ప్రశ్నకు వస్తే, ఒకే కాలం వేరు, ఒకే చోటు వేరు. మాధ్వ గురువు వ్యాసరాయలు సాళువ నరసింహుడి కోరిక మీద 1486 నుంచి 1498 వరకు తిరుమలలో ఉండి స్వామి పూజ చూసుకున్నారని చెబుతారు. అప్పుడు అన్నమయ్య 80లు దాటుతున్నాడు. అదే కొండ, అవే మాడవీధులు. ఈ ఇద్దరినీ దగ్గరగా గీయండి, న్యాయం ఉంది. పురందరదాసు సంగతి వేరు. అన్నమయ్యను కలిశాడని భక్తులు చెప్పుకునే కథ ఉంది. పుట్టింది 1484 అనుకుంటే అన్నమయ్య పోయేనాటికి ఆయన 19 ఏళ్ల కుర్రాడు, దాసుడైంది నడివయసులో. ఆ కథను కథగానే చెప్పండి, గోడ మీద గీతగా వేయొద్దు.

ఇంకొకటి. పంచాంగం కూర్చినవాణ్ణి కదా, అరవై సంవత్సరాల పేర్లు నోటికి వస్తాయి. వాటిని పిల్లకాయలకు ఆటగా ఇవ్వండి. పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి, అంటే 600 ఏళ్లకు పది చుట్లు. 2008 ఉగాదికి మొదలైన సర్వధారి 1408లోనూ సర్వధారే, అన్నమయ్య పుట్టిన ఏడు. మీ తొమ్మిదో తరగతిలో 2012 జనవరిలో పుట్టినవాళ్లుంటే వాళ్లది ఖర. జోన్ ఆఫ్ ఆర్క్ 1412 జనవరిలో పుట్టిందని చెబుతారు, ఆ అమ్మాయిదీ ఖరే. శాసనం చదవడానికీ ఇదే సాయం. రాయలు మొదటిసారి కొండకు వచ్చిన శాసనంలో శకం 1434, ఆంగీరస, మాఘమాసం అని ఉంటుంది. శకానికి 78 కలిపితే ఇంగ్లీషు ఏడు 1512, కానీ మాఘం జనవరి మొదలయ్యాకే వస్తుంది కాబట్టి 1513. ఫిబ్రవరి 10. అంతకు మూడు నెలల ముందే రోములో సిస్టీన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలో బొమ్మలు పూర్తయ్యాయి.

పీలేరు రైతు

కంపోజిటర్ సారు పోస్టు మా ఇంట్లో పెద్దగా చదివి వినిపించాను. నాది చదువు తక్కువ, కానీ ఒక మాట గోడ మీద రాయించండి మేడమ్. అన్నమయ్య చెనిక్కాయ, అంటే వేరుశనగ, తినలేదు. మిరపకాయ తినలేదు. టమాటా చూడలేదు. మూడూ అమెరికా ఖండం పంటలు, కొలంబస్ ఆ దారి చూశాక ఓడల మీద మనదాకా వచ్చాయి. మన పిల్లకాయలకు సంగటి, ఊరిబిండి లేని పూట తెలీదు. ఊరిబిండిలో పడేవే చెనిక్కాయలు, మిరపకాయలు. సంగటి అన్నమయ్య నాటికే ఉంది, రాగులు మనకు పాతవే. కారానికి మిరియాలు వేసుకునేవాళ్లు.

మదనపల్లె మార్కెట్లో టమాటా లారీలు వరసకట్టి నిలబడితే ఈ పంట ఇక్కడ ఆదికాలం నుంచీ ఉందనే అనిపిస్తుంది. 1492 అంగుళం దగ్గర ఒక చెనిక్కాయ చెట్టు వేర్లతో సహా గీయించండి. కాయలు మట్టిలో ఉండాలి, కొమ్మకు వేలాడదీస్తే రైతుబిడ్డలు నవ్వుతారు.

కొండ మీద డ్యూటీ

నమస్తే మేడమ్. నేను తిరుమలలో పనిచేస్తాను. గుడి లోపల తోడరమల్లు విగ్రహం ఉంది కదా, తల్లి, భార్యతో పాటు చేతులు జోడించి. అక్బర్ మంత్రి తోడరమల్లే అని భక్తులకు చెబుతుంటారు. అలాగైతే అక్బర్‌ను మన కొండతో నేరుగా కలపవచ్చు. గోడకు బాగుంటుందని నా ఆలోచన. పెద్దలు ఏమంటారు?

పాత కంపోజిటర్, తిరుపతి

నాయనా, ఆ విగ్రహం ముందు నిలబడి నేనూ చాలాసార్లు దండం పెట్టుకున్నాను. ఆయన గొప్పవాడే, కానీ ఆ తోడరమల్లు ఈయన కాడు. అక్బర్ కొలువులో భూమి లెక్కలు తేల్చిన రాజా తోడరమల్లు 1589లో చనిపోయాడు. కొండ మీద ఉన్న లాలా తోడరమల్లు ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ కొలువులో సేనాని. కంచి వరదరాజస్వామిని దాడుల భయంతో ఉడయార్‌పాళ్యంలో దాచారు, 1710లో తిరిగి కంచికి చేర్చినప్పుడు తోడు నిలిచినవాడు ఈయన, కంచి శాసనంలో పేరుంది. ఇద్దరి మధ్య వందేళ్లకు పైనే. పేరు ఒకటైతే మనం మనుషులను కూడా ఒకటి చేసేస్తాం. మేడమ్, ఆ ఇద్దరినీ గోడ మీద ఒకే రంగులో రాయించి మధ్య దూరం టేపుతో కొలవమని పిల్లకాయలకు చెప్పండి.

అక్బర్‌ను కలపాలనే ఉంటే మంచి దారి ఉంది, అదీ చంద్రగిరి మీదుగానే. వెంకటపతిరాయలు 1586 నుంచి 1614 వరకు ఏలాడు, చంద్రగిరి ఆయన రాజధాని. అక్బర్ 1605 వరకు ఉన్నాడు. జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం ఫాదర్లు 1580లోనే అక్బర్ దర్బారుకు వెళ్లారు, తర్వాత అదే సంఘం ఫాదర్లు చంద్రగిరిలో వెంకటపతిరాయల దగ్గరికీ వచ్చారు. ఈ రాజుకూ స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌కూ ఉత్తరాలు నడిచాయి. షేక్‌స్పియర్ లండన్‌లో నాటకాలు రాస్తున్నది ఈయన కాలంలోనే. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినదీ ఈయన కాలంలోనే, 1591లో. గెలీలియో దూరదర్శిని ఆకాశం వైపు తిప్పినదీ అంతే, 1609లో. మీ బడి పిల్లలు రోజూ చూసే కోట అది. అందులో కూర్చున్న రాజుకు యూరప్ నుంచి ఉత్తరం వచ్చేదంటే వాళ్లకు ఎంత గర్వంగా ఉంటుందో చూడండి.

ఒకరి సంగతి ఒకరికి తెలుసా అనే ప్రశ్నకు ఇంకా గట్టి ఉదాహరణ బాబర్. 1526లో పానిపట్టు గెలిచాడు. తన జ్ఞాపకాల్లో హిందుస్థాన్ రాజుల గురించి రాస్తూ, హిందూ రాజుల్లో రాజ్యంలోనూ సైన్యంలోనూ పెద్దవాడు విజయనగర రాజు అని రాశాడు. పేరు రాయలేదు, కానీ అప్పుడు సింహాసనం మీద ఉన్నది కృష్ణదేవరాయలు. ఇద్దరూ కలవలేదు, సరిహద్దు కూడా తగల్లేదు. అయినా ఒకరి కీర్తి ఇంకొకరి పుస్తకంలోకి ఎక్కింది. 1529లో రాయలు పోయాడు, 1530 డిసెంబరులో బాబర్. గోడ మీద ఒక్క అంగుళం తేడా.

చిత్తూరు నుంచి

అందరూ తిరుపతి, చంద్రగిరి అంటున్నారు, మా చిత్తూరును వదిలేస్తారా? 1782 డిసెంబరు 7న హైదర్ అలీ చనిపోయింది మా దగ్గర, నరసింగరాయనిపేట దండులో. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు మలబారు వైపు ఉన్నాడు, ఆయన వచ్చేదాకా చావు కబురు బయటికి పొక్కనివ్వలేదు. దండులో రోజువారీ పనులన్నీ ఏమీ జరగనట్టే నడిపించారు.

నాకు ఈ ఏడు అంటే ప్రాణం. ఎందుకో చెబుతాను. అదే 1782 ఏప్రిల్‌లో అమెరికాలో డెలావేర్ అఖాతంలో ఒక చిన్న యుద్ధనౌక తనకంటే బలమైన ఇంగ్లీషు ఓడను పట్టుకుంది. గెలిచిన నౌక పేరు "హైదర్ అలీ". ఇంగ్లీషువాళ్లతో పోరాడుతున్న మన దేశపు రాజు పేరు పెన్సిల్వేనియావాళ్లు ఓడకు పెట్టుకున్నారు. హైదర్ పోవడానికి సరిగ్గా వారం ముందు, నవంబరు 30న, పారిస్‌లో అమెరికా, ఇంగ్లండు మధ్య సంధికి మొదటి సంతకాలు పడ్డాయి. జార్జ్ వాషింగ్టన్‌కు అప్పుడు 50. మొజార్ట్ వియన్నాలో, 26 ఏళ్లు. కొండ మీద మన తరిగొండ వెంగమాంబకు 52. తంజావూరు సీమలో త్యాగయ్య 15 ఏళ్ల పిల్లవాడు. వెంగమాంబ 1730లో పుట్టి 1817 దాకా ఉంది. అంటే అమెరికా పుట్టడం, ఫ్రాన్సు విప్లవం, నెపోలియన్ లేవడం, వాటర్లూలో పడిపోవడం అన్నీ ఆమె బతికుండగానే జరిగాయి. అన్నమయ్య ఒక గోడ అయితే వెంగమాంబ ఇంకో గోడకు సరిపోతుంది. ఆడపిల్లలున్న బడి, ఆమెను తప్పక పెట్టండి.

మీ గోడ 1708తో ఆగితే మా చిత్తూరు రాదు. మూల తిరిగి పక్క గోడ మీదికి పొడిగించండి మేడమ్, దయచేసి.

మదనపల్లె వాసి

పక్క గోడకు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి 1919 దాకా తీసుకురండి. ఆ ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఉండి, జనగణమనకు ఇంగ్లీషు అనువాదం తన చేత్తో రాసిచ్చాడు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అప్పటికి ఇంగ్లండులో, 23 ఏళ్లు. చిన్నప్పుడు తిరుపతి మిషన్ బడిలో చదివిన రాధాకృష్ణన్ మైసూరులో ప్రొఫెసరు, అంతకు ముందు ఏడే టాగోర్ తత్వం మీద పుస్తకం వేశాడు. ముగ్గురికీ మన ఉమ్మడి చిత్తూరు జిల్లాతో బంధం ఉంది. ఆ నెలలో మాత్రం మూడు చోట్ల ఉన్నారు.

సోషల్ టీచర్, చంద్రగిరి మండలం

ఇంత వస్తుందని అనుకోలేదు. రాత్రి కూర్చుని అన్నీ నోట్సులో రాసుకున్నాను. పీలేరు అన్నా, చెనిక్కాయ చెట్టు 1492 దగ్గర ఖాయం, కాయలు మట్టిలోనే. చిత్తూరు వారూ, హెడ్మాస్టరు గారు పక్క గోడకు ఒప్పుకున్నారు. అది 9 అడుగులే. ఏడాదికి అంగుళం చొప్పున 1708 నుంచి 1816 దాకా వస్తుంది. హైదర్ అలీ, టిప్పు, వెంగమాంబ అందులోకి వస్తారు, వెంగమాంబ చివరి ఒక్క అంగుళం మాత్రం కిటికీ చట్రం మీద పడుతుంది. మదనపల్లె వారి 1919కి వచ్చే ఏడాది చోటు చూస్తాను, అది వదిలిపెట్టే విషయం కాదు.

రంగులు ఇలా అనుకున్నాను. మన జిల్లా మనుషులకు పసుపు, దేశంలో మిగతావాళ్లకు ఆకుపచ్చ, బయటివాళ్లకు నీలం. పాలనకు ఎరుపు గీత సన్నగా. నిజంగా కలిసినట్టు ఆధారం ఉంటే రెండు గీతల మధ్య గట్టి గీత, పేరు మాత్రం విన్నారని ఉంటే చుక్కల గీత. బాబర్ నుంచి రాయలకు చుక్కల గీత. పెన్సిల్వేనియా ఓడ నుంచి హైదర్ అలీకి చుక్కల గీత. జెస్యూట్ ఫాదర్ల నుంచి వెంకటపతిరాయలకు గట్టి గీత. కలవనివాళ్లకు ఏ గీతా లేదు, పైనా కిందా ఉంటారు అంతే.

ఒక టెన్షన్ మాత్రం మిగిలింది. పెయింటరుతో రాయిస్తే అక్షరాలు చక్కగా వస్తాయి. పిల్లకాయలు తామే రాస్తామని పట్టుబడుతున్నారు. 1639 కూడా వాళ్లే వెతికి తెచ్చారు. చంద్రగిరి రాజుల కింద ఉన్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆగస్టు 22న ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు చోటు రాసిచ్చిన రోజు. అప్పటికి శివాజీకి తొమ్మిదేళ్లు, గెలీలియో ఇంట్లోనే ఖైదీ, చూపు పోయింది, ఆగ్రాలో షాజహాన్ తాజ్‌మహల్ పని నడుస్తోంది. ఇవన్నీ ఆరో తరగతి బుడ్డోడు ఒకడు చీటీ మీద రాసుకొచ్చాడు. వాడి చేత రాయించకపోతే నాకే మనసొప్పదు. కంపోజిటర్ సారూ, అక్షరాలు వంకర పోకుండా ఏమైనా ఉపాయం ఉందా?

పాత కంపోజిటర్, తిరుపతి

ఉంది తల్లీ, పిల్లకాయల చేతే రాయించండి. ముందు సున్నం బాగా ఆరనివ్వండి, లేకపోతే రంగు పొరలు పొరలుగా లేస్తుంది. తర్వాత నూలుదారానికి నీలిమందు పట్టించి, ఇద్దరు రెండు చివర్ల లాగి పట్టుకుంటే మధ్యలో ఒకరు లాగి వదలాలి. గోడంతా ఒకే తిన్నని గీత పడుతుంది. వరసకు మూడు గీతలు కొట్టండి. పై రెండు గీతల నడుమ అక్షరం, కింది రెండిటి నడుమ వత్తులకు చోటు. తెలుగు రాసేవాళ్లు మరిచిపోయేది ఈ వత్తుల చోటే, పై వరసలో వత్తు వచ్చి కింది వరస తలకట్టు మీద కూర్చుంటుంది. పేర్లు పొడుగ్గా ఉంటే అక్షరాలు ఇరికించొద్దు, రెండు వరసలు చేయండి. ముందు చాక్‌పీసుతో రాసి, వేరే పిల్లవాడి చేత చదివించి, తప్పులు దిద్దాకే కుంచె ముట్టుకోనివ్వాలి. అంకెలు ఇంకొకరి చేత రెండోసారి చూపించండి. పేరులో తప్పు పడితే ఎవరో ఒకరు చెబుతారు, అంకెలో తప్పు పడితే అది అలాగే ఏళ్లపాటు ఉండిపోతుంది.

తాళ్లపాక, మైంజ్, ఈ రెండు ఊళ్ల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో రాయించండి. సున్నం ఆరిన రోజు కబురు చేయండి, ప్రూఫు చూడ్డానికి నేనే బస్సెక్కి వస్తాను.